మామయ్య దువ్వెన పరీక్ష

మామయ్య ఆఫీసులో చివరిసారిగా చేసిన పని, ఒక మాజీ ఫిరంగి జవానుని దువ్వెన కొనుక్కు రమ్మని కిందికి పంపడం.

జవాను ఆరడుగుల మనిషి. మెట్లు దిగి వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, దువ్వెన టేబుల్ మీద పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

"ఎంత చెప్పింది?" అన్నాడు మామయ్య.

"ఇరవై సార్."

"నువ్వెంతిచ్చావు?"

"ఇరవై సార్."

"బేరమాడి తెమ్మన్నాను కదా నాయనా."

"ఆడాను సార్. తగ్గిస్తారా అమ్మా అన్నాను. తగ్గించనంది. సరే అమ్మా అన్నాను."

మామయ్య దువ్వెన అందుకున్నాడు. వెంట్రుక అన్నది లేని తన తల మీద నుదుటి నుంచి మెడ దాకా ఒక్కసారి లాగి చూశాడు. "దీనికి పళ్ళు బాగానే ఉన్నాయి. తెచ్చినవాడికే ఇంకా రాలేదు" అని సొరుగులో పడేశాడు. "సోమవారం మళ్ళీ రా. ఈసారి ఆవిడ తగ్గించనంటే రెండడుగులు వెనక్కి వెయ్యి. మిలిటరీలో నేర్పలేదని నాకూ తెలుసు, కానీ వ్యాపారంలో వెనకడుగే ముందడుగు."

ఆ రోజు ఒంటిపూట ఆఫీసు. మామయ్య ఇంటికొచ్చి, చెల్లెలు వడ్డించింది తిని, ఉప్పు తక్కువైందని ఎప్పటిలాగే చెప్పి, పేపరు మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. నాలుగింటికి మేనకోడలు టీ తీసుకెళ్ళింది. పేపరు కదలడం లేదు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఆయన చెప్పకుండా సెలవు పెట్టడం అదే మొదటిసారి.

మేనకోడలు అంటే ఆయన చెల్లెలి ఒక్కగానొక్క కూతురు. పుట్టినప్పటి నుంచీ ఆయన ముందే పెరిగింది. చదువయ్యాక ఉద్యోగం దొరక్క, ఊరికే కూర్చోలేక, చివరి ఏడేళ్లూ ఆయన పక్కనే టైపు మిషను ముందు కూర్చుంది. అందుకని ఆయన గురించి ఎవరికి ఏం కావాలన్నా ఆమెనే అడిగేవాళ్లు. తనకు తెలియనిది లేదనే ఆమె కూడా అనుకునేది.

మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయం ఒక టైర్ల కొట్టు మీది అంతస్తులో ఉండేది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన. అసలు ఉద్యోగులు లోపల ఫ్యాన్ల కింద కూర్చునేవారు. మామయ్యది మాత్రం మెట్ల మలుపు దగ్గర, కిటికీ పక్కన టేబుల్. దానికి మూడు కాళ్లు సమంగా ఉండేవి, నాలుగోది మడతపెట్టిన పాత సర్క్యులర్ల మీద నిలబడేది. ఆయన ఉద్యోగం పేరు మాత్రం టేబుల్ కన్నా పొడుగ్గా ఉండేది: స్వయం ఉపాధి పథకాల దరఖాస్తు సహాయకుడు. పటాలం నుంచి దిగొచ్చిన వాళ్లకి సొంతంగా కొట్టో కార్ఖానానో పెట్టుకోవడానికి ప్రభుత్వం సాయం చేస్తుంది. ఆ సాయానికీ మనిషికీ మధ్య పద్నాలుగు పేజీల దరఖాస్తు ఉంది. మొదటి పేజీలో పేరేమిటని అడుగుతుంది. పద్నాలుగో పేజీలో మళ్ళీ అడుగుతుంది, ఈలోగా మర్చిపోయాడేమోనని. ఆ పద్నాలుగు పేజీలూ దాటించడమే మామయ్య పని.

మేనకోడలు ఆయన్ని మామయ్యా అని పిలిచేది. అది విని బారులు తీరిన మీసాలన్నీ ఆయన్ని మామయ్యా అనడం మొదలుపెట్టాయి. ఆయనకన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా. "ఈ వయసులో నాకు ఇంతమంది మేనల్లుళ్లు పుట్టారేంటే" అని విసుక్కునేవాడు కానీ, కొత్తవాడెవడైనా సార్ అంటే ఆయన మొహం కాస్త చిన్నబోయేది.

దరఖాస్తు నింపడం పెద్ద పని కాదు, నింపినవాడి కొట్టు నిలబడటమే పెద్ద పని. ఆ సంగతి మామయ్యకి మొదటి ఏడాదే తెలిసొచ్చింది. ఆ ఏడాది పదకొండు కొట్లు పెట్టించాడు. తొమ్మిది మూతపడ్డాయి. సరుకుల కొట్టు పెట్టినవాడు కొనేవాళ్లని పొడుగును బట్టి వరసలో నిలబెట్టాడు. మంగలి షాపు పెట్టినవాడు ఎవరొచ్చినా ఒకటే క్షవరం చేశాడు. జుట్టు పెంచుకుంటున్న కాలేజీ కుర్రాడికి కూడా పటాలం క్షవరమే, ఆ కుర్రాడి తల్లి మాత్రం వచ్చి దండం పెట్టి వెళ్ళింది. లాండ్రీ పెట్టినవాడు చంటిపిల్ల గౌనునీ జంట మంచం దుప్పటినీ ఒకే కొలతకి మడత పెట్టేవాడు. గౌను ఎలాగో సాగదీశాడట.

మామయ్య ఆలోచించాడు. వీళ్లకి లేనిది తెలివి కాదు, కష్టపడే గుణం అంతకన్నా కాదు. పటాలంలో బూట్లు ఇచ్చారు, సబ్బు ఇచ్చారు, దుప్పటి ఇచ్చారు, సంతకం పెట్టి తీసుకున్నారు. ఇరవై ఏళ్లు అలా బతికినవాడికి ధర అనేది కదిలే వస్తువని ఎలా తెలుస్తుంది? ఎవడో ఒక అంకె చెబితే అది పై అధికారి ఆజ్ఞే అనుకుంటాడు.

అలా పుట్టింది దువ్వెన పరీక్ష. ఆఫీసు మెట్ల కింద, పేవ్‌మెంటు మీద, ఒకావిడ గోనెపట్టా పరుచుకుని దువ్వెనలు, పిన్నులు, అద్దాలు అమ్మేది. దువ్వెనలమ్మ అనేవారు. మామయ్య ఆవిడతో ఒప్పందం చేసుకున్నాడు. పైనుంచి పంపినవాడు వచ్చి అడగ్గానే తగ్గించకూడదు. వాడు వాదించాలి, పక్క కొట్టు పేరు ఎత్తాలి, వెళ్ళిపోయినట్టు నటించాలి. సగం ధరకి దువ్వెన తెచ్చినవాడి దరఖాస్తే మామయ్య ముట్టుకునేవాడు. ఈ నియమం ఏ సర్క్యులర్లోనూ లేదు. పై ఆఫీసరుకి తెలిసినా తెలియనట్టే ఉండేవాడు, ఎందుకంటే ఆ తర్వాత మూతపడే కొట్లు తగ్గాయి.

సాయంత్రం మెట్లు దిగేటప్పుడు దువ్వెనలమ్మ రోజు ఫలితాలు చెప్పేది.

"పెద్దాయనా, ఇవాళ పంపావే నల్లటాయన, ఆయన బేరమాడలేదు. నన్ను చూసి జాలిపడి రెండు కొన్నాడు."

"నిన్నటివాడో?"

"వాడా! ధర అడగడానికే గంట పట్టింది. మూడుసార్లు సెల్యూట్ కొట్టాడు. నా పక్కన పళ్లమ్మేది నేనేదో పెద్ద పోలీసాఫీసరు భార్యననుకుంటోంది."

"కొంచెం కటువుగా ఉండవమ్మా. నువ్వు నవ్వితే వాళ్లు కరిగిపోతున్నారు."

"నేనెందుకు కటువుగా ఉండను? తప్పినవాళ్ల వల్లే కదా నా బేరం సాగుతోంది. నెగ్గినవాళ్లు నన్ను ముంచేస్తున్నారు."

తప్పినవాళ్ల దువ్వెనలన్నీ మామయ్య సొరుగులోకి చేరేవి. బట్టతల మనిషి సొరుగు లాగితే దువ్వెనల వరద. ఆఫీసుకి తనిఖీకొచ్చిన ఒక పెద్దాయన అది చూసి, దగ్గి వెళ్ళిపోయాడు.

ఇంతమందితో కొట్లు పెట్టించిన మనిషికి సొంత కొట్టు లేదు. మేనకోడలికి అదొక్కటే మింగుడుపడేది కాదు.

పటాలంలో మామయ్య తుపాకులు బాగుచేసే విభాగంలో పనిచేశాడు. స్ప్రింగు, పిన్ను, గొళ్ళెం లాంటివి ఏవైనా ఆయన చేతిలో పెడితే చాలు, కళ్ళు మూసుకుని విప్పి కళ్ళు మూసుకుని బిగించేవాడు. ఇంటికొచ్చాక తుపాకులు లేవు కాబట్టి తాళాల మీద పడ్డాడు. వీధిలో ఎవరి తాళం పట్టేసినా, ఎవరి తాళంచెవి పోయినా ఆయన దగ్గరికే. వంటింటి గట్టు మీద ఎప్పుడూ రెండు మూడు తాళాలు పొట్టలు విప్పుకుని పడుండేవి. "అన్నయ్యా, కూరగాయలు తరగడానికి చోటివ్వు" అని చెల్లెలు, "ఆగవే, దీని గుండె ఇప్పుడే దొరికింది" అని ఆయన.

బస్టాండు దగ్గర, ఫోటో స్టూడియోకీ చెప్పులు కుట్టేవాడికీ మధ్య ఒక సన్నటి గది ఖాళీగా ఉండేది. మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. తాళాల కొట్టుకి అంతకన్నా ఎందుకు? మామయ్య రోజూ ఆఫీసు నుంచి చుట్టుతిరిగి అటుగానే వచ్చేవాడు. అత్తారింటి గుమ్మం ముందు తచ్చాడే కొత్తల్లుడిలా దాని ముందు కాసేపు నిలబడి, షట్టరు తాళాన్ని ఒకసారి పట్టి చూసి, "నాసిరకం" అని గొణిగి కదిలేవాడు. మేనకోడలు వెనక నిలబడి ఇదంతా చూసేది.

పథకంలో వయసు నియమం ఒకటి ఉంది. అరవై నిండితే ఇక అర్హత లేదు. మామయ్యకి అరవయ్యో ఏడు నడుస్తున్నప్పుడు ఆమె ఇక ఊరుకోకూడదని నిశ్చయించుకుంది. ఆయనకి చెప్పకుండా ఆయన దరఖాస్తు తనే టైపు చేసింది. వ్యాపారం: తాళాల మరమ్మతు. స్థలం: బస్టాండు పక్కన. అనుభవం దగ్గర చోటు చాలక అదనపు కాగితం జతచేసింది. నాలుగో గడి మాత్రం ఖాళీ. అందులో సర్వీసు కాలం రాయాలి, రుజువుగా పటాలం వాళ్లిచ్చిన విడుదల పుస్తకం జతచెయ్యాలి. ఆ పుస్తకం మామయ్య దగ్గర ఉంది.

"మామయ్యా, పుస్తకం ఇవ్వు."

"ఏ పుస్తకం?"

"నీ సర్వీసు పుస్తకం."

"వెతకాలే."

మర్నాడు అడిగితే, "ముందు ఆ కుంటాయన ఫైలు చూడు, పాపం మూడోసారి తిరుగుతున్నాడు." ఇంకో వారానికి, "ఫోటో బాగాలేదే, ఆ ఫోటోలో నాకు జుట్టుంది. మోసం కేసు పెడతారు." ఇంకో నెలకి, "వానలు తగ్గనీ." వానలు తగ్గాక, "ఎండలు ముదిరాయి, ఇప్పుడు తాళాలు ఎవరు కొంటారు?"

"ఎండకీ తాళానికీ ఏంటి సంబంధం?"

"ఇనుము వ్యాకోచిస్తుంది. చదువుకున్నావు కదా."

చెల్లెలు వంటింట్లోంచి అందుకునేది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు అన్నయ్యా."

"రచ్చ గెలిచి గెలిచి అలిసిపోయి ఇంటికొస్తున్నానే. కంచం పెట్టు."

ఆ ఏడాది దరఖాస్తులకి గడువు ఆ నెలాఖరు, సాయంత్రం ఐదు గంటలు. ఆ పై నెలలో మామయ్యకి అరవై నిండుతాయి. అంటే ఈ గడువు తప్పితే ఆయనకి ఇంకో గడువు లేదు. ఆమె క్యాలెండరు మీద ఆ తేదీ చుట్టూ ఎర్రగా గీసి ఆయన కంచం ఎదురుగా గోడకి తగిలించింది. సరిగ్గా అప్పుడే గుండిగ వచ్చి పడ్డాడు.

గుండిగ అసలు పేరు దరఖాస్తులో రెండుచోట్ల ఉంది కానీ ఎవరూ వాడేవారు కాదు. పటాలంలో ఇరవై రెండేళ్లు వంటవాడు. పెద్ద వంటపాత్రలాగే గుండ్రటి మనిషి, గుండ్రటి గొంతు. హోటల్ పెట్టుకుంటానని వచ్చాడు. దువ్వెన పరీక్షలో మొదటి రోజే నెగ్గాడు. సగం ధరకి దువ్వెన తేవడమే కాక దువ్వెనలమ్మకి పచ్చడి ఎలా నిలవ పెట్టాలో కూడా చెప్పొచ్చాడు. మామయ్య పొంగిపోయాడు. తొందరపడ్డాడు కూడా.

గుండిగ ఆరు బల్లలు వేసి మచ్చుకి హోటల్ తెరిచాడు. మొదటి రోజు నలుగురు వచ్చారు. వాడు మూడు వందల మందికి వండాడు. రెండో రోజు ఆరుగురు వచ్చారు. మూడు వందల మందికే వండాడు. మిగిలిందంతా వీధిలో పంచిపెట్టాడు. వారం తిరిగేసరికి ఆ వీధి కుక్కలు మొరగడం మానేశాయి, లేచి నిలబడే ఓపిక లేక.

"తక్కువ వండరా నాయనా" అన్నాడు మామయ్య.

"రాదు మామయ్యా."

"రాకపోవడమేంటి? బియ్యం తక్కువ పొయ్యి."

"బియ్యం తక్కువ పోస్తాను. ఉప్పెంత వెయ్యాలి? మూడు వందల మందికైతే కళ్ళు మూసుకుని వేస్తాను, ఒక్క రాయి అటూ ఇటూ అవ్వదు. పది మందికి ఎంతో నాకెవరూ చెప్పలేదు. పది మంది ఎప్పుడూ ఆకలితో రాలేదు నా దగ్గరికి."

మేనకోడలు వాడిని ఇంటికి పిలిచి నేర్పబోయింది. నలుగురికి కూర. "చిటికెడు ఉప్పు వెయ్యి అన్నయ్యా" అంది. వాడు వేశాడు. వాడి చిటికెడు ఆమె గుప్పెడంత. ఆమె అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చెంబు అందుకుంది. మంచినీళ్లు తాగాక, "ఇది తినే కూర కాదు బాబూ, ఇందులో చేపలు పెంచుకోవచ్చు" అంది. గుండిగ సిగ్గుపడి, "ఇంకో రెండొందల తొంభై ఆరు మందిని పిలుద్దాం అమ్మా, సరిపోతుంది" అన్నాడు. ఉప్పు తక్కువని రోజూ సణిగే మామయ్య ఆ రోజు మాత్రం కిమ్మనలేదు.

నెలాఖరు రానే వచ్చింది. గుండిగ ఫైలు కూడా ఆ సాయంత్రంలోగా వెళ్ళాలి. నడిచే హోటలని చూపించకపోతే సాయం రాదు, నలుగురొచ్చే హోటల్ని ఎవరూ ఒప్పుకోరు. పొద్దున్నే మేనకోడలు మామయ్య చొక్కా పట్టుకుని, "పుస్తకం ఇవాళ తెస్తున్నావా లేదా?" అంది.

"తెస్తానే తల్లీ. ఐదులోపల నీ చేతిలో పెడతాను."

"మాట?"

"మాట."

ఆ మాట ఇచ్చిన మనిషి పదింటికి బయటికి వెళ్ళి మధ్యాహ్నమైనా కనిపించలేదు. మూడైంది. నాలుగైంది. ఆమె దరఖాస్తు పేజీలు సర్దింది, సర్దినవి మళ్ళీ సర్దింది. లోపల గుమస్తా గడియారం చూసుకుంటున్నాడు. పావు తక్కువ ఐదింటికి మెట్ల మీద బూట్ల చప్పుడు. మామయ్య, వెనక గుండిగ. ఇద్దరూ చెమటలో తడిసి ముద్దయిపోయారు. మామయ్య చేతిలో ఒక కాగితం.

"దొరికిందే!" అన్నాడు.

ఆమె ప్రాణం లేచొచ్చింది. కాగితం లాక్కుని చూసింది. అది చెప్పుల కార్ఖానా మేనేజరు రాసిచ్చిన ఉత్తరం. తమ కార్మికులు మూడు వందల పదిమందికి రోజూ మధ్యాహ్నం భోజనం ఈ గుండిగే వండి పెట్టడానికి ఒప్పుకున్నట్టు.

"పొద్దుటి నుంచి నాలుగు కార్ఖానాల గుమ్మాలు ఎక్కి దిగాం" అన్నాడు మామయ్య రొప్పుతూ. "వీడికి పదిమందికి వండటం నేర్పేకన్నా మూడు వందల మందిని వెతకడం తేలిక. ఆ పదిమంది ఎక్కువయ్యారు కానీ, సర్దుకుంటానన్నాడు. టైపు చెయ్యి, టైపు చెయ్యి!"

ఆమె టైపు చేసింది. ఐదుకి రెండు నిమిషాలుండగా గుండిగ ఫైలు గుమస్తా కిటికీలోంచి లోపలికి వెళ్ళింది.

"మరి నీది?" అంది.

మామయ్య జేబులు తడుముకున్నాడు. చొక్కా జేబు, ప్యాంటు జేబు, మళ్ళీ చొక్కా జేబు. "మర్చిపోయానే" అన్నాడు.

గుమస్తా కిటికీ మూసేశాడు.

"ఊళ్ళో ప్రతివాడి పుస్తకం నీకు కంఠతా. నీది మర్చిపోయావా?" ఆమె గొంతు మెట్ల కింద టైర్ల కొట్టు దాకా వినిపించింది. "నీకు కొట్టు పెట్టుకునే ధైర్యం లేదు మామయ్యా. అదీ అసలు సంగతి. అందరికీ వెనకడుగు ముందడుగు అని పాఠాలు చెప్పడమే కానీ నీకు వెనకడుగొక్కటే వచ్చు!"

 గుండిగ, "చెల్లెమ్మా, తప్పు నాది" అనబోయి, మామయ్య చూసిన చూపుకి ఆగిపోయాడు.

తొమ్మిది రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే టేబుల్, అయినా మాట లేదు. చెప్పాల్సిందేమైనా ఉంటే టైపు చేసి ముందు పెట్టేది. "అర్జీదారునికి తెలియజేయునది ఏమనగా, టీ చల్లారుచున్నది." ఆయన కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివి, కింద "చూడడమైనది" అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి తిరిగి ఇచ్చేవాడు. ఒకరోజు ఆయనే ఒక కాగితం జరిపాడు: "మేనకోడలు వారి దివ్యసముఖమునకు. తమరి కోపము గడువు ఎప్పటితో ముగియునో తెలియజేయ ప్రార్థన." ఆమె దాని మీద "పరిశీలనలో ఉన్నది" అని కొట్టి పంపింది. పదో రోజు టైపు మిషను రిబ్బను చిక్కుపడితే, అలవాటు కొద్దీ "మామయ్యా!" అని అరిచింది. ఆయన లేచి వచ్చి, వేళ్ళకి సిరా పూసుకుని చిక్కు తీసి, "గడువు ముగిసినట్టేనా?" అన్నాడు. నవ్వాపుకోలేకపోయింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు.

"ఎందుకలా చేశావు?" అని ఒకసారి మామూలుగానే అడిగింది.

"కొట్టు పెడితే అందులో కూర్చోవాలి కదే. నాకు ఈ మెట్ల దగ్గర గాలి అలవాటైపోయింది."

దువ్వెనలమ్మ కూడా ఆయన పక్షమే. "పోనీలే అమ్మాయ్. ఆయన కొట్టు పెట్టుకుంటే నా గతేం కాను?"

బస్టాండు దగ్గరి గదిని ఆ తర్వాత నెలలోనే ఎవరో ఫోన్లు బాగుచేసేవాడు అద్దెకి తీసుకున్నాడు. మామయ్య అప్పటి నుంచి చుట్టుదారిన రావడం మానేశాడు. దగ్గరిదారిన వస్తే ఎనిమిది నిమిషాలు కలిసొస్తాయని, ఇన్నాళ్లూ ఆ సంగతి తట్టనే లేదని చెప్పాడు.

ఐదు నెలల తర్వాత ఆ పేపరు కదలలేదు.

మర్నాడు వాళ్లందరూ వచ్చారు. మంగలి, లాండ్రీ, సరుకుల కొట్టు, ఇంకా ఆమెకి పేర్లు కాక దరఖాస్తు నంబర్లే గుర్తున్న ఎందరో. ఎవరూ చెప్పకుండానే ఇంటి ముందు వరసగా నిలబడ్డారు, పొడుగును బట్టి. దువ్వెనలమ్మ ఆ రోజు గోనెపట్టా పరచలేదు. గుండిగ వాకిట్లో పొయ్యి వెలిగించాడు. ఎంతమందికని ఎవరూ వాడిని అడగలేదు. సాయంత్రానికి అందరూ తిన్నారు, ఏమీ మిగలలేదు. ఆ రోజు ఉప్పు సరిపోయింది. మామయ్య ఉంటే తక్కువైందని అనేవాడు.

నెల తిరిగాక గుండిగా ఇంకో పదిమందీ ఇంటికి వచ్చారు. మెట్ల మలుపు దగ్గర, టేబుల్ మీది గోడకి, ఒక రాతి ఫలకం పెట్టిద్దామని. పేరు, పటాలం, సర్వీసు కాలం. ఆఫీసరు సరేనన్నాడట.

"సర్వీసు ఇరవై ఏళ్లని రాయిద్దాం" అన్నాడు మంగలి.

"ఇరవై ఏంటి? ఆయన చెప్పిన పటాలం కబుర్లు, మంచుకొండ కబురు, వంతెన కబురు, గాడిద తప్పిపోయిన కబురు, అన్నీ కలిపితే ముప్పైకి తగ్గదు" అన్నాడు గుండిగ.

"ముప్పై ఏళ్లు చేస్తే, ఈ టేబుల్ దగ్గర ఇరవై ఆరేళ్లు ఎప్పుడు కూర్చున్నాడ్రా? పుట్టగానే చేరాడా?"

"ఆ గాడిద కబురొక్కటే రెండేళ్లు పట్టుద్ది, నువ్వు పూర్తిగా వినలేదు."

ఆమె నవ్వి, "రాయి మీద చెక్కేదానిలో తప్పు ఉండకూడదు. పుస్తకం చూసి చెబుతాను" అంది.

వాళ్లు వెళ్ళాక వెతకడం మొదలుపెట్టింది. సాయంత్రమంతా పడుతుందనుకుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బీరువాలో, ఆయన చొక్కాల కింద, ఇస్త్రీ మడతల మధ్య చదునుగా ఉంది. మీద దుమ్ము కూడా లేదు. అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

ఆమె పేజీ తిప్పింది. చేరిన తేదీ. విడుదలైన తేదీ. కారణం: సొంత కోరిక మీద, కుటుంబ పరిస్థితుల వల్ల. కింద మొత్తం సర్వీసు, ఎర్ర సిరాతో. చదివి, తప్పు చదివానేమోనని వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకుంది. దరఖాస్తులో నాలుగో గడి కింద సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ఏడేళ్లుగా కొన్ని వందలసార్లు టైపు చేసింది దాన్ని: ఐదు సంవత్సరములకు తక్కువ కాని సర్వీసు కలవారే అర్హులు.

"ఎన్నేళ్లుందే?" అంది అమ్మ.

"నాలుగేళ్ల పదకొండు నెలల పన్నెండు రోజులు."

"అంతేనా? ఇంకా ఎక్కువనుకున్నానే."

"ఐదేళ్లుంటే కొట్టుకి సాయం వచ్చేదమ్మా. పద్దెనిమిది రోజులు తక్కువ."

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"నేనే ఉత్తరం రాశాను. మీ నాన్న పోయి నెల కాలేదు, నువ్వు కడుపులో ఉన్నావు. భయమేసి, ఉన్నపళంగా వచ్చెయ్ అన్నయ్యా అని రాశాను. వారంలో వచ్చేశాడు." చేతిలోని కాయ ఒలిచి గిన్నెలో వేసింది. "పద్దెనిమిది రోజులే కదే. ఒక్క మాట రాస్తే ఆగి రమ్మనేదాన్ని. నువ్వు పుట్టడానికి అప్పటికింకా రెండు నెలలుంది."